రెండవ బ్యాటరీకి హెచ్చరిక దీపము



వ్యాకరణమును కావ్యములును బోధించి విశ్రాంతి గైకొనిన బడిపంతులు మోటారుబండిలోని తీగలను గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. నాకును మొదట వింతగనే తోచినది. అయినను నలుగురి ధనముతో నడచు వాహనము గ్రామమునందున్నచో, దాని బాగోగులను విచారింపవలసినవారు పెద్దలే గదా. మెకానిక్కు చేసిన పని సరిగా నున్నదా లేదా యని పరీక్షించుటకు మనము మెకానిక్కులము కానక్కఱలేదు. ఏ ప్రశ్న అడుగవలెనో తెలిసిన చాలును.

2021వ సంవత్సరమున కోవిడ్ వ్యాధి రెండవసారి విజృంభించినపుడు మా గ్రామస్థులు చందాలు వేసికొని ఆక్సిజన్ యంత్రము నొకదానిని కొనిరి. కాన్సన్‌ట్రేటరని దాని పేరు. అది గదిలోని గాలిని పీల్చి, అందలి నత్రజనిని జల్లెడ పట్టినట్లు వేఱుచేసి, ప్రాణవాయువును గొట్టముగుండ రోగి కందించును. దానికి సిలిండరు అక్కఱలేదు. కరెంటు మాత్రము ఆగరాదు. వ్యాధి తగ్గిన పిమ్మట ఆ యంత్రము ఊరక పడియుండుట యెందుకని, పాత వ్యాను నొకదానిని కొని, అందులో మంచమును యంత్రమును అమర్చి, రోగులను 34 కిలోమీటర్ల దూరమున నున్న పట్టణపు ఆసుపత్రికి చేర్చు నేర్పాటు చేసితిమి.

ఇంజనును నడుపు బ్యాటరీతోనే యంత్రమును గూడ నడిపినచో, ఒకనాడు బండి స్టార్టు గాక దారిలో నిలిచిపోవును. కావున రెండవ బ్యాటరీ నొకదానిని వెనుకభాగమున వేఱుగా పెట్టించితిమి. ఇంజను తిరుగుచున్నపుడు రెండు బ్యాటరీలును ఛార్జి కావలెను. ఇంజను ఆగినపుడు రెండింటికిని సంబంధము తెగవలెను. పట్టణములోని యొక పనివాడు అట్లే అమర్చి యిచ్చెను. ఏడాదిపాటు ఎవరికిని ఏ సందేహమును కలుగలేదు.

మూడేండ్ల క్రిందట కార్తీకమాసమున, ఒకనాటి రాత్రి నా బాల్యమిత్రునికి ఆయాసము ముదిరెను. నలువదియేండ్లు చుట్టలు కాల్చిన ఊపిరితిత్తులవి. వ్యానులో పడుకొనబెట్టి, యంత్రపు గొట్టమును ముక్కునకు తగిలించి బయలుదేఱితిమి. ఇరువది నిమిషములు గడచినవో లేదో, వెనుక ఇన్వర్టరు కీచుమని అఱచి యూరకుండెను. దానితో యంత్రమును మూగవోయెను. ఆ నిశ్శబ్దమును నేను మఱువజాలను. రోడ్డు ప్రక్కనున్న పల్లెలో మొదటి యింటి తలుపు తట్టి, వారి కిటికీలోనుండి తీగ లాగి, యంత్రమును మఱల నడిపించి, 108 వాహనము వచ్చువఱకు ఆ వాకిటనే నిలిచితిమి. ఆ యింటివారెవరో మాకు తెలియదు; మేమెవరమో వారడుగలేదు.

డ్రైవరు కుఱ్ఱవాడు కన్నీళ్ళ పర్యంతమయ్యెను. "మాస్టారూ, ఎర్రదీపం వెలగలేదండీ. వెలిగుంటే నేను బండి తీసేవాణ్ణే కాదు" అని పదేపదే అనెను. అతడు చెప్పినది నిజము. ఎఱ్ఱదీపము వెలుగలేదు. తెల్లవాఱి చూడగా, రెండు బ్యాటరీలను కలుపు లావుతీగకు నడుమనున్న ఫ్యూజు ఎన్నడో కరగిపోయి యుండెను. కొన్ని వారములుగా రెండవ బ్యాటరీకి ఛార్జి యన్నదే లేదు.

ఇక దీపము సంగతి. డ్రైవరు ఎదుట, బ్యాటరీ బొమ్మతో వెలుగు ఎఱ్ఱదీపమును మీలో ట్రాక్టరు గలవారందఱును చూచియే యుందురు. తాళము త్రిప్పగానే అది వెలుగును. ఇంజను స్టార్టు కాగానే ఆరిపోవును. ఏల ఆరుచున్నది? రెండు చెఱువులను, వాని నడుమ నొక పిల్లకాలువను ఊహింపుడు. ఒక చెఱువు నిండుగా, రెండవది వట్టిగా నున్నచో కాలువలో నీరు పాఱును. రెండును సమమట్టముగా నున్నచో కాలువలో నీరు కదలదు. ఆ పిల్లకాలువయే మన దీపము. దాని యొక కొన తాళపు స్విచ్చిగుండ బ్యాటరీకి, రెండవ కొన ఆల్టర్నేటరునకు చేరియుండును. ఇంజను నిలిచియున్నపుడు ఆల్టర్నేటరు వట్టి చెఱువు. బ్యాటరీనుండి ప్రవాహము దీపముగుండ అటు పాఱును, దీపము వెలుగును. ఆ కొద్దిపాటి ప్రవాహమే ఆల్టర్నేటరు లోపలి తీగచుట్టకు తొలి అయస్కాంతశక్తి నిచ్చును. ఇంజను తిరుగగానే ఆల్టర్నేటరు తానే విద్యుత్తును పుట్టించి బ్యాటరీ మట్టమునకు వచ్చును. రెండు కొనలును సమమగుటచే దీపము ఆరును. దారిలో బెల్టు తెగినచో ఆ ప్రక్క మట్టము పడిపోయి దీపము మఱల వెలుగును.

ఇందులో గొప్ప యుక్తి యొకటి కలదు. తాళము త్రిప్పగానే వెలుగుటచేత, "నేను సజీవముగా నున్నాను, నా బల్బు మాడిపోలేదు" అని ఆ దీపము ప్రతిదినమును సాక్ష్యమిచ్చుచున్నది. అటుపిమ్మట అది ఆరియుండుటకు అర్థము కలదు. తాళము త్రిప్పినపుడే వెలుగని దీపము దారిలో వెలుగకున్నచో, దానివలన మనకు తెలిసినది శూన్యము.

మన పూర్వులు ఈ విషయమును మిక్కిలి సూక్ష్మముగా విచారించిరి. భాట్టమీమాంసకులును, అద్వైతులును అనుపలబ్ధి యను ప్రమాణమును అంగీకరించిరి. నేలమీద కుండ కనబడకపోవుటచేత కుండ లేదని గ్రహించుట యిట్టిది. కాని చీకటిగదిలో కుండ కనబడలేదన్నంతమాత్రమున లేదనవచ్చునా? అనరాదు. ఉన్నచో తప్పక కనబడియుండునన్న యోగ్యత యుండవలెను. అందుచేతనే దానిని యోగ్యానుపలబ్ధి యనిరి. ఈ మాటను విద్యార్థిదశలో వల్లించితిని, విద్యార్థులకు చెప్పితిని. అది వ్యాను ముందుభాగమునందు ప్రాణము మీదికి వచ్చునని నే నెఱుగను.

ఏలయన, మా ఎఱ్ఱదీపము సత్యమే పలికెను. "ఆల్టర్నేటరు పనిచేయుచున్నది" అని మాత్రమే అది చెప్పగలదు. రెండవ బ్యాటరీ యొకటి కలదన్న సంగతియే దానికి తెలియదు. దానిని చూచుటకు యోగ్యతలేని దీపము యొక్క మౌనమును మేము శుభవార్తగా గ్రహించితిమి.

తరువాత నా పూర్వశిష్యుడు, మోటారు కరెంటు పనిలో నేర్పరి, ఆ వ్యానును పరీక్షింప వచ్చెను. రెండు బ్యాటరీల నడుమ రిలే యను పరికరము కలదనియు, అది వోల్టేజిని కనిపెట్టునదనియు చూపెను. ఇట్టి రిలేలలో పెక్కు, మొదటి బ్యాటరీ ఇంచుమించు 13.3 వోల్టులకు చేరగానే రెండింటిని కలిపి, 12.8కి దిగగానే విడదీయును. 12 వోల్టుల బ్యాటరీ నిండియుండి విశ్రమించుచున్నపుడు 12.6 లేక 12.7 చూపును, ఛార్జి అగుచున్నపుడు 13.8 మొదలు 14.4 వఱకు చూపును. కావున 13.3 దాటినదన్న, ఆల్టర్నేటరు పనిలో నున్నదని అర్థము.

"ఈ రిలే మీదే చిన్నదీపం ఉంది గదండీ, దాన్నే డ్రైవరు ముందుకు తెస్తే సరిపోదా?" అని యొకరడిగిరి. సరిపోదు. రిలే కలిసినదని మాత్రమే ఆ దీపము చెప్పును. రిలేకును రెండవ బ్యాటరీకిని నడుమ ఫ్యూజు కరగినచో, బిగింపు వదలినచో అది యెఱుగదు. మాకు జరిగినది సరిగా అదియే.

అప్పుడు నాకొక యుక్తి తోచి, నా చెఱువుల యుపమానమును గర్వముతో ముందుకు తెచ్చితిని. "ఏరా, ఈ రెండు బ్యాటరీల నడుమ గూడ ఒక దీపమును పెట్టరాదా? కలిసియున్న ఆరియుండును, విడిపోయిన వెలుగును" అంటిని. అతడు వినయముగా నవ్వి, పెట్టి చూపెను. ఫ్యూజు తీసి ఇంజను నడిపితిమి. మొదటి బ్యాటరీ 14 వోల్టులు, రెండవది 12.5. భేదము వోల్టున్నర! 12 వోల్టులకై చేసిన బల్బునకు వోల్టున్నర యేమాత్రము? పట్టపగలు దానిలోని తీగ ఎఱ్ఱబడినట్లు గూడ కనబడలేదు. రెండవ బ్యాటరీ పూర్తిగా క్షీణించినపిమ్మట గాని ఆ దీపము సరిగా వెలుగదు. అప్పటికి రోగి గతి యేమి? ఉపమానము విషయమును తెలుపుటకే గాని తీగలను కలుపుటకు పనికిరాదని ఆనాడు శిష్యునివద్ద నేర్చుకొంటిని.

అతడు చేసిన యేర్పాటును జాగ్రత్తగా వినుడు. మీ గ్రామమున నిట్టి వాహనమున్నచో పనివానితో మాటలాడుటకు పనికివచ్చును.

రిలేలో తీగచుట్ట యొకటి, ఇనుప నాలుక యొకటి యుండును. చుట్టలో కరెంటు పాఱినపుడు అయస్కాంతమై నాలుకను లాగును. లేనిచో స్ప్రింగు దానిని వెనుకకు త్రోయును. నాలుకకు ఇటొకటి, అటొకటి రెండు స్పర్శస్థానములు. బండ్లలోని సాధారణపు రిలేల మీద నాలుకకు 30 అనియు, లాగినపుడు తాకుదానికి 87 అనియు, విశ్రాంతిలో తాకుదానికి 87ఎ అనియు అంకెలు వేసియుందురు. మన దీపము ఆ విశ్రాంతి స్థానముగుండ వెలుగవలెను. ఈ యొక్క మాటను మఱువకుడు. పని జరుగుచున్నపుడు వెలుగు దీపము కాదు. ఏ శ్రమయు లేక రిలే పడియున్నపుడు వెలుగు దీపము.

వోల్టేజిని కొలుచు చిన్న రిలే పలక యొకటి అంగడిలో దొరకును. ఏ మట్టమున లాగవలెనో, ఏ మట్టమున విడువవలెనో మనమే నిర్ణయింపవచ్చును. మేము 13.3కు లాగునట్లును, 12.9కు విడుచునట్లును పెట్టితిమి. ఆ పలకకు వలసిన కరెంటును తాళపు స్విచ్చి తరువాతి తీగనుండి తీసికొంటిమి. బండి ఆపియున్నపుడు అది బ్యాటరీని వృథాగా త్రాగదు. కొలత తీగను మాత్రము రెండవ బ్యాటరీ ధనధ్రువపు మేకునకే నేరుగా తగిలించితిమి. రిలే వద్ద కాదు, ఫ్యూజునకు ముందు కాదు. బ్యాటరీ మేకు మీదనే. ఎవని క్షేమము తెలియవలెనో వానినే అడుగవలెను, దారిలో నిలుచున్నవాని నడిగిన లాభమేమి? ఆ కొలత తీగకు మేకుదగ్గఱనే 1 ఆంపియరు ఫ్యూజు నొకటి వేసితిమి.

దీపమునకు కరెంటు తాళపు స్విచ్చినుండి చిన్నఫ్యూజుగుండ వచ్చును. దీపము దాటి రిలే నాలుకకు, అచటినుండి విశ్రాంతి స్థానముగుండ బండి చట్రమునకు చేరును. రిలేను దీపమునకు ముందు పెట్టక తరువాత, చట్రమువైపున పెట్టుటలో నొక రహస్యము గలదు. దీపమునకును రిలేకును నడుమనున్న తీగ ఎచటనైన ఒరసికొని చట్రమునకు తగిలినచో, దీపము వెలిగి మనలను పిలుచును. ముందు పెట్టినచో ఆ తగులుటచే ఫ్యూజు కరగి దీపము నోరు మూసికొనును.

ఇపుడేమి జరుగునో చూడుడు. తాళము త్రిప్పుదుము, రెండవ బ్యాటరీ 12.6లో నున్నది, పలక లాగదు, పసుపుదీపము వెలుగును. ఇంజను స్టార్టగును; రెండు బ్యాటరీలు కలియును; రెండవదాని మట్టము 13.3 దాటును, దీపము ఆరును. పెద్ద ఫ్యూజు కరగినను, లావుతీగ ఊడినను, కలుపు రిలే చెడినను ఆ మట్టము పడిపోయి దీపము వెలుగును. కొలత తీగయే తెగినను పలక లాగజాలదు గనుక వెలుగును. బల్బు మాడుట, దానికి వచ్చు కరెంటు తెగుట మొదలగు కొన్ని దోషములు మాత్రము దీపమును చీకటిలో నుంచగలవు; అవి తాళము త్రిప్పినపుడే బయటపడును.

ఒక చిక్కు మిగిలినది. చాలదూరము నడచి అప్పుడే ఆపిన బండిలో బ్యాటరీ మట్టము కొన్ని నిమిషములు 13కు పైననే నిలుచుట కలదు. వెంటనే మఱల తాళము త్రిప్పినచో దీపము వెలుగకపోవచ్చును. బల్బు పోయినదా యని అనుమానము కలుగును. అందులకై కొలత తీగకు నడుమ నొక బొత్తామును పెట్టితిమి. ఇంటి గంటకు నొక్కిన తీగలు కలియును. దీనిని నొక్కిన తీగ తెగును. నొక్కగానే దీపము వెలుగవలెను, విడువగానే ఆరవలెను. ఎనిమిదేండ్ల బాలుడైనను ఈ పరీక్షను చేయగలడు.

పని ముగిసిన పిమ్మట పనివాని మాటతో తృప్తిపడక, పెద్దలు ఎదుట నిలిచి రెండవ బ్యాటరీ ఫ్యూజును తీయించవలెను. ఇంజనును, వెనుకనున్న యంత్రమును నడిపించి చూడవలెను. మాకు అరనిమిషము లోపల దీపము వెలిగెను. ఫ్యూజు పెట్టగా కొంతసేపటికి ఆరెను. బ్యాటరీ మిక్కిలి క్షీణించియున్నచో ఆరుటకు ఇంకను జాగగును. అది దోషము కాదు, ఆకలిగొన్నవాడు భోజనము ముగించుటకు పట్టు కాలమువంటిది. అంతవఱకు రోగిని ఎక్కించుకొని దూరము పోరాదు.

లెక్క యొకటి చెప్పెదను. మా ఆక్సిజన్ యంత్రము సుమారు 300 వాట్లు తీసికొనును. 12 వోల్టుల బ్యాటరీ నుండి అది 25 ఆంపియర్లు. ఇన్వర్టరు తినునది కలుపుకొన్న 28 వఱకు పోవును. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ యన్న దానికి నాలుగు గంటలు వచ్చునని భ్రమపడకుడు. ఆ అంకె సాధారణముగా ఇరువది గంటలలో మెల్లగా వాడుకొనుటకు చెప్పినది. వేగముగా లాగిన తక్కువ యిచ్చును. సగమునకు మించి తఱచు ఖాళీచేసిన సీసపు బ్యాటరీ ఆయువు తగ్గును. రెండుగంటలు కూడ నమ్మకముగా లెక్కింపరాదు. ఛార్జి లేని బ్యాటరీ అయినచో ఇరువది నిమిషములని మేము చూచితిమి.

ఇక ప్రమాదముల మాట. ఇంటి తీగకు కరెంటు ఒక కొననుండియే వచ్చును. రెండు బ్యాటరీలను కలుపు తీగకు రెండు కొనలును కరెంటుగలవే. నడుమ తెగి చట్రమునకు తగిలినచో రెండువైపులనుండియు మంటలు పుట్టింపగలదు. కావున రెండు కొనల వద్దను, బ్యాటరీ మేకులకు వీలైనంత దగ్గఱగా, రెండు ఫ్యూజులుండవలెను. ఒక్కటి చాలునన్న పనివానిని నమ్మకుడు. తీగ ఱేకులోని రంధ్రముగుండ పోవుచోట రబ్బరు వలయము తప్పక వేయింపుడు. పని మొదలిడునపుడు ఋణధ్రువమును ముందు విప్పి, ముగింపున దానినే చివర బిగింపవలెను. ఏలయన చట్రమంతయు ఋణమే గనుక, ధనధ్రువమును విప్పు పానా చట్రమునకు తగిలినచో నిప్పులు రాలును. చేతి ఉంగరములను తీసి పని చేయుడు. ఛార్జి అగు సీసపు బ్యాటరీ నుండి జలజని వాయువు పుట్టవచ్చును. అది అంటుకొను స్వభావము గలది. రోగి పడుకొను చోట, ఆక్సిజన్ ప్రక్కన బ్యాటరీని విడిగా పెట్టరాదు. మూతగల పెట్టెలో నుంచి, గాలి బయటికి పోవు గొట్టము పెట్టవలెను. మాది మొదట మంచము క్రిందనే విడిగా నుండెను! అందఱమును చూచుచునే యుంటిమి.

మొదటి ఎఱ్ఱదీపము జోలికి మాత్రము పోకుడు. దాని తీగనుండి మఱొక రిలేకు కరెంటు తీసికొందుమని కొందఱందురు. ఆల్టర్నేటరునకు తొలి శక్తినిచ్చు స్వల్పప్రవాహమును పంచుకొన్నచో అది మేల్కొనుటకే జాగుచేయవచ్చును. ఆ బల్బును తీసి చిన్న ఎల్‌ఈడీ దీపమును పెట్టినను అదే ముప్పు. రెండవ బ్యాటరీకి పెట్టు దీపమునకు ఈ బాధలేదు. అది ఎల్‌ఈడీ యైనను చెల్లును.

కొత్త వాహనములు కలవారికి ఒక హెచ్చరిక. 2020 ఏప్రిల్ నుండి దేశమంతట బి.ఎస్.6 నియమములు వచ్చిన పిమ్మట తయారైన బండ్లలో ననేకములందు ఆల్టర్నేటరును కంప్యూటరు శాసించుచుండును. ఇంధనపు పొదుపునకై ఛార్జి వోల్టేజిని అది మధ్యమధ్య తగ్గించును. అట్టి బండిలో నేను చెప్పిన 13.3, 12.9 అంకెలు పనిచేయవు. దోషమేమియు లేకయే దీపము వెలుగుచు ఆరుచు నుండును. కొన్నాళ్ళకు డ్రైవరు దానిని లెక్కచేయుట మానివేయును, అది దీపము లేకపోవుటకన్న చెఱుపు. ఆ బండ్లకు రెండవ బ్యాటరీకై వేఱుగా ఛార్జరు కలదు. దానినే వేయించి, దీపమును ఆ ఛార్జరుకు తగినట్లు అమర్పింపవలెను.

మా వ్యానులో స్టీరింగు ప్రక్కన ఎఱ్ఱదీపమును, దానిక్రింద పసుపుదీపమును ఉన్నవి. పసుపుదాని క్రింద "రెండవ బ్యాటరీ" యని తెలుగులో పెద్దయక్షరములతో వ్రాయించితిమి. అరలో రెండు బల్బులు, నాలుగు ఫ్యూజులు ఎల్లప్పుడు ఉండును. నా మిత్రుడు ఆ రాత్రి గండము గడచి కోలుకొనెను. నెలకొకసారి అదే వ్యానులో ఆసుపత్రికి పోయి వచ్చుచున్నాడు. చుట్ట మానినాడు గాని నన్ను పరిహసించుట మానలేదు. డ్రైవరు తాళము త్రిప్పునపుడు మాత్రము మాటలాపి, మంచముమీదనుండి మెడ చాచి, రెండు దీపములును వెలిగినవా యని చూచి, తరువాతనే తల దిండుపై వాల్చును.